తూము పక్కన తరవాణి

కాళ్ళు ముడుచుకుని పడుకోండి, దీపం తగ్గిస్తాను. అనగనగా ఒక లంకూళ్ళో, వాన వదలని శ్రావణమాసంలో, అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. కొడుక్కి కొత్తగా పెళ్ళి చేసింది. కోడలు గవరమ్మ కాపరానికొచ్చి ఇంకా నెల తిరగలేదు.

ఒకనాడు పొద్దున్నే అత్తగారు వంటింటి తలుపు తీసేసరికి మట్టినేల మీద తళతళా మెరిసే చార! నీళ్ళు పోయే తూము నుంచి పొయ్యికి. మర్నాడు తూము నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి గడపకి. ఆ మర్నాడు తూము నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి గడపకి, గడప నుంచి కోడలి చాపకి! ఊ కొడుతున్నారా, జోగుతున్నారా?

అత్తగారు గుండెలు బాదుకుంది. ఇది దయ్యం నడిచిన జాడే, కోడలి పెట్టెతోపాటే వచ్చింది అనేసింది. భూతవైద్యుణ్ణి పిలిస్తే వాడు వేపమండ ఊపి, దయ్యానికి దాహంగా ఉంది, రోజూ తూము పక్కన పళ్ళెంలో తరవాణి పెట్టండి, శుక్రవారానికి పోకపోతే పిల్లని పుట్టింటికి తోలేయండి అన్నాడు. తరవాణంటే తెలుసుగా? అన్నం, గంజి కుండలో పులియబెడతాం, అదీ.

పెట్టింది. దయ్యం పోయిందా? పోతే నేనెందుకు చెప్తానూ! ఒక చార నాలుగయ్యాయి, నాలుగు పదయ్యాయి. ఊళ్ళో ఆడవాళ్ళు గవరమ్మని నూతి దగ్గరికి రానివ్వడం మానేశారు. మొగుడా? వెర్రిబాగులాడు, అమ్మ మాట దాటడు. దయ్యం పట్టిన పిల్లన్న పేరు పడి పుట్టింటికెళ్తే, వెనక ఉన్న చెల్లెలికి పెళ్ళవుతుందా? ఆ బెంగతో పిల్లకి ముద్ద దిగలేదు.

లక్ష్మివారం నాడు ఏడుస్తూ నేల అలుకుతోంది. చార మీద వేలు పడింది. జిగురు! దయ్యానికి కాళ్ళుండవంటారు గానీ జిగురుంటుందని ఎవరూ అనలేదే? చూస్తే చారలన్నీ తిరిగి తిరిగి పళ్ళెం దగ్గరికే వచ్చాయి. గడుసుపిల్ల! పళ్ళెంలో తాగితే దాహం తీరడం లేదేమో అత్తా, కుండలో పోద్దాం అంది. మూతి దాకా కుండని నేల్లో పాతి, సగానికి తరవాణి పోసింది.

శుక్రవారం తెల్లారింది. గుమ్మంలో బండి కట్టారు. గవరమ్మ పెట్టె ఎక్కించేశారు. ఊరంతా మూగింది, భూతవైద్యుడు కూడా వచ్చాడు. అత్తగారు కుండలోకి చూసి కెవ్వుమంది.

నత్తలు! గుల్లలేని నత్తలు! వేలెడేసి, నల్లగా, తాగి తాగి ఉబ్బి మునిగిపోయాయి.

వానతడికి తూములోంచి వస్తాయత్తా, పులిసిన వాసనకి ఎగబడతాయి, మనమే రోజూ విందు పెట్టి పిలిచాం అంది గవరమ్మ.

అత్తగారు నోట్లో కొంగు కుక్కుకుంది. "ఓసి నా తల్లో! పళ్ళెంలో మిగిలింది ప్రసాదమని రోజూ నేనే తాగానే!"

నవ్వకండర్రా, పాపం! కక్కుకుని, మూతి కడుక్కుని, తిన్నగా బండి దగ్గరికెళ్ళింది. ఎవర్నీ ముట్టనివ్వకుండా పెట్టె తనే నెత్తిన పెట్టుకుని లోపలికి మోసుకొచ్చింది. నా బంగారుతల్లివే, నీ మీద నింద వేశానే అని అందరి ముందూ కోడల్ని కావిలించుకుని ఏడ్చింది. కట్టిన బండి ఊరికే పోకూడదని భూతవైద్యుణ్ణి ఎక్కించి పంపేశారు. ఆ రోజు నుంచి తూముకి గుడ్డ, గడపకి పొడి బూడిద, అత్తాకోడళ్ళకి ఒకే కంచం.

అందుకే ఇంట్లో ఏదైనా వింత కనబడితే ముందు తూము వంక చూడాలి, కోడలి వంక కాదు. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం. ఒరే, మన తూముకి గుడ్డ పెట్టారా లేదా?