వదులైన తాళ్లు

విమానదళం వారి ఒక స్థావరంలో, పైలట్ల దుస్తుల గదిలో, తన చేతి కొలతకు తిరుగులేదని గొప్పలు పోయే పైడిరాజు అనే పనివాడు ఉండేవాడు. గొప్పలకు తగ్గ పనితనం కూడా ఉంది, కాదనలేం. కాకపోతే ఒకసారి కొలిచాక మళ్లీ కొలవమంటే అతనికి అవమానంగా ఉండేది.

అక్కడ పని చాలా జాగ్రత్తగా చేయాలి. యుద్ధవిమానం వేగంగా మలుపు తిరిగితే పైలట్ ఒంట్లో రక్తం కాళ్లలోకి దిగిపోతుంది. కాళ్లు పగిలిపోతున్నంత నొప్పి పుడుతుంది, కళ్లు చీకట్లు కమ్ముతాయి. అందుకని పొట్టకూ తొడలకూ పిక్కలకూ ఒక ప్రత్యేకమైన సూట్ బిగిస్తారు. మలుపులో దానిలోకి గాలి నిండి కాళ్లను అదిమిపెడుతుంది. పక్కనున్న తాళ్లు ఒంటికి సరిగ్గా బిగిస్తేనే అది పనిచేస్తుంది.

ఆ స్థావరంలో హిమజ అనే పైలట్ శిక్షణ పొందుతుండేది. తెలుగువాడని పైడిరాజును బాబాయ్ అని పిలిచేది. చివరి పరీక్షకు నెల ముందు ఆమెకు డెంగ్యూ జ్వరం వచ్చింది. తగ్గి తిరిగి వచ్చేసరికి మనిషి సగమైపోయింది. జబ్బుపడి లేచినవాళ్లకు పరీక్షకు ముందు సూట్ మళ్లీ కొలిచి, తాళ్లు బిగించి, కొలతల కార్డు మీద సంతకం చేయాలన్నది అక్కడి నియమం.

పరీక్ష రోజు ఉదయం హిమజ సూట్ తొడుక్కుని, తొడ దగ్గర వేలు దూర్చి చూసుకుంది.

"బాబాయ్, వదులుగా ఉన్నట్టుంది. నిన్న విమానాన్ని మెల్లగా తిప్పినా కాళ్లు బాగా నొప్పెట్టాయి."

"ఏటమ్మా! పాతికేళ్ల చెయ్యి ఇది. నీ కొలత నాకు తెలీదేటి? జ్వరం నీరసం అంతే. ఎల్లిరా, గెలుచుకురా!" అని పైడిరాజు నవ్వుతూ కార్డు మీద సంతకం పెట్టేశాడు.

పెద్దవాడి మాట ఎలా కాదంటుంది? హిమజ వెళ్లింది.

మూడో మలుపులో ఆమెకు స్పృహ తప్పింది. ఆ వేగంలో తల ముందుకు వాలిపోయి మెడ ఎముక చిట్లింది. వెనక సీట్లోని గురువు విమానాన్ని క్షేమంగా దించాడు. ప్రాణం దక్కింది. కానీ ఆమె ఇక యుద్ధవిమానం నడపడానికి వీల్లేదని డాక్టర్లు తేల్చేశారు.

పైడిరాజు ఆమె కొలతలు తెప్పించుకుని ఆ సూట్‌ను అప్పుడు కొలిచాడు. రెండు తొడల దగ్గరా మూడేసి వేళ్ల వదులు తేలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? తాళ్లు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆసుపత్రిలో హిమజ మెడకు పట్టీతో కదలకుండా పడుకుని ఉంది.

"నేనే ఇంకోసారి అడగాల్సింది బాబాయ్," అంది.

"నువ్వు చెప్పావు తల్లీ. నానే ఇన్లేదు. అందరికీ అదే చెప్పాను, అధికారులకు రాసిచ్చాను కూడా."

కిటికీ బయట ఒక విమానం వెళ్తున్న చప్పుడు వినిపించింది. ఆమె చూడాలనుకుంది గానీ మెడ తిరగలేదు. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. తుడవడానికి చెయ్యి చాపే ధైర్యం పైడిరాజుకు లేకపోయింది.

నీతి: ఎంత పనిమంతుడైనా, నొప్పి పడేవాడి మాట కంటే తన అనుభవమే గొప్పదనుకోకూడదు, ఆ గర్వానికి మూల్యం చెల్లించేది ఎదుటివాడే.