తెల్ల ఉన్ని కుచ్చు

"నీలవ్వా!"

అనగనగా మనుషులకన్నా గొర్రెలెక్కువున్న ఓ ఊళ్ళో, మిట్టమధ్యాహ్నం, ఎవరో పిలిచారు. చిన్నారి నీలవ్వ తిరిగి చూసింది. దొడ్లో తెల్ల గొర్రెపిల్ల ఒక్కటే ఉంది. కదలకుండా ఆమెనే చూస్తోంది.

నీలవ్వ చేతిలో ఉన్ని ఉంది, కన్నా. బొమ్మలు చేయడం ఆమెకి నేర్పింది ఉన్ని కత్తిరించే మల్కయ్య తాత.

"పైస ఖర్చు లేదు బిడ్డా. కంపకు చిక్కిన ఉన్ని ఏరుకో. దబ్బనం మొనకు ఆకురాయితో గాట్లు పెట్టు. ఊకసంచి మీద ఉన్ని పెట్టి పొడువు, తిప్పు, మళ్ళ పొడువు. పోగులే ఒకదాన్నొకటి పట్టుకుంటయి. వేలు పొడుచుకున్నవనుకో, మీ అయ్య నన్ను తిడ్తడు" అన్నాడు.

అలా నల్లపిట్టని చేసింది. ఆ తర్వాత గోధుమరంగు కుందేలుని చేసింది. ఆ తర్వాత తెల్ల గొర్రెపిల్ల బొమ్మ మీద మనసైంది. కంపలన్నీ వెతికినా తెల్ల ఉన్ని దొరకలేదు.

ఆ ఊళ్ళో కత్తిరింపయ్యాక ప్రతి గొర్రె వీపు మీదా ఒక కుచ్చు వదిలేస్తారు. ప్రాణానికి అది కాపలా అంట. ఎవరూ ముట్టరు. నీలవ్వ ముట్టింది. తెల్ల గొర్రెపిల్ల కుచ్చు కత్తిరించి చెంపకి ఆనించుకుంటే మబ్బుతునకలా మెత్తగా, వెచ్చగా ఉంది. అప్పుడే ఆ పిలుపు వినబడింది.

అయినా చేత్తో ఉండ చేసి, కాళ్ళూ మెడా తీర్చి, కాలి దగ్గర దబ్బనం దింపింది. దొడ్లో గొర్రెపిల్ల కుంటుతూ అరిచింది. అప్పుడు మెడ దగ్గర దింపింది. పిల్ల అరుపు ఆగిపోయింది. అప్పుడు గుండె దగ్గరికి తెచ్చింది.

"నీలవ్వా!"

ఈసారి పిలుపు బొమ్మలోంచే వచ్చింది. దబ్బనం జారిపడింది. బొమ్మని ఊకసంచిలో దాచేసింది.

సాయంత్రానికి పిల్ల పాలు మానేసింది. అయ్య దాని వీపు తడిమాడు. బోడిగా ఉంది. మిగతా గొర్రెల ఉన్ని కత్తిరిస్తున్న తాత మీద అరిచాడు.

"కుచ్చు కూడా గొరిగినవా మల్కయ్యా? కండ్లు పోయినయా? ఇగ నా మందల అడుగు పెట్టకు!"

తాత కత్తెరని గుడ్డలో చుట్టుకున్నాడు. గడప దాటబోయాడు.

నీలవ్వ పరుగెత్తి ఆయన పంచె పట్టుకుంది. అయ్య వైపు చూడలేదు. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"తాత కాదయ్యా. నేనే కత్తిరించిన. దాన్ని పొడిచింది కూడ నేనే."

కథేమో కంచి బాట పట్టె,
గొర్లమందేమో దొడ్డి బాట పట్టె,
మా కన్నకేమో కునుకు పట్టె.