ఎనభై కిలోల నీలాచలం

"మేష్టారూ, ఏ బండి కొనమంటారు?"

నీలాచలం ఈ మాట అడగడం అది ఎన్నోసారో అతనికే గుర్తులేదు. దాలినాయుడు మేష్టారు ఎప్పటిలాగే కొండ కేసి ఓసారి, నీలాచలం కేసి ఓసారి చూసి, "చూద్దాం లెండి" అన్నారు. ఆ చూద్దామనేది ఎప్పటికో, ఏమి చూద్దామనో నీలాచలానికి తెలియలేదు. మళ్ళీ అడగడానికి మొహమాటపడ్డాడు.

దాలినాయుడు గారు హైస్కూల్లో డ్రిల్లు మేష్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. విజయనగరానికి కొంత దూరంలో పులిమెట్ట అనే కొండ మీద, ఆదివారాలు తెల్లవారేసరికి, పదిమందిని వెంటేసుకుని సైకిలు నేర్పుతారు. సైకిలు ఎక్కడం కాదు, కొండ దిగడం. రాళ్ళూ గోతులూ వేళ్ళూ ఉన్న కాలిబాటలో పడకుండా కిందికి రావడం. ఆయన దగ్గర పాఠమంటూ ఏదీ ఉండదు. ఎవరేమడిగినా నోటితో చెప్పడానికి బదులు ఏదో ఒకటి చేసి చూపిస్తారు. అర్థమైతే అయినట్టు, కాకపోతే వచ్చే ఆదివారం ఉండనే ఉంది. గిట్టనివాళ్ళు ఆయనకి మాటలు చేతకాక అలా చేస్తారంటారు. అందులో కొంత నిజం కూడా ఉండొచ్చు.

నీలాచలానిది గంటస్తంభం దగ్గర రెడీమేడ్ బట్టల దుకాణం. వయసు నలభై దాటింది. సుగరు వచ్చేలా ఉందని డాక్టరు భయపెడితే కొండకి వచ్చాడు గానీ, ఉండిపోయింది మాత్రం ఇష్టంతోనే. కొండ దిగే ఆ కాసేపు దుకాణం, బేరాలు, పండగ స్టాకు ఏవీ బుర్రలో ఉండవు. కాలేజీ రోజుల్లో వాలీబాల్ కోర్టులో ఎగిరి బంతి కొట్టిన కుర్రాడు మళ్ళీ ఒంట్లోకి వచ్చినట్టుంటుంది. ఆ సంతోషం అతనికి ఇంకెక్కడా దొరకలేదు. కానీ అతని పాత సైకిలుకి ముందు చక్రానికే స్ప్రింగు. వెనక చక్రం రాయెక్కిన ప్రతిసారీ ఆ దెబ్బ తిన్నగా నడుముకి తగిలేది. సోమవారం దుకాణంలో కుర్చీలోంచి లేవాలంటే గల్లాపెట్టె పట్టుకోవాల్సి వచ్చేది. నడుము ఇలాగే ఉంటే కొండ మానెయ్యాలన్నాడు డాక్టరు. మానకుండా ఉండాలంటే ముందూ వెనకా రెండు చక్రాలూ ఊగే ఫుల్ సస్పెన్షన్ సైకిలు కొనుక్కోమన్నారు తోటివాళ్ళు. అతని అవస్థ అక్కడ మొదలైంది.

ఒక వీడియోలో ఒకాయన పెద్ద చక్రాలవి తప్ప కొనొద్దన్నాడు. ఇంకో వీడియోలో ఇంకొకాయన పెద్ద చక్రాలు మలుపుల్లో తిరగవన్నాడు. చక్రాల సంగతి వదిలెయ్యండి, చక్రం ఎంత మేర పైకీ కిందికీ ఆడుతుందో అదే అసలు విషయమన్నాడు మూడోవాడు. ఎక్కువ ఆడితే దిగడానికి హాయని ఒకరంటే, ఎక్కేటప్పుడు ప్రాణం తీస్తుందని ఇంకొకరన్నారు. అన్నం తింటూ కూడా ఫోను వదలకపోయేసరికి అతని భార్య అరుంధతి, "పెళ్ళిచూపులకొచ్చినప్పుడు నన్ను కూడా ఇంతలా చూడలేదు మీరు" అంది. అతనికి నవ్వు కూడా రాలేదు. పదిమందినీ అడిగినకొద్దీ పది రకాల మాటలు పోగయ్యాయి తప్ప ఒక్క అడుగు ముందుకు పడలేదు.

చివరికి మాటలు కట్టిపెట్టి, ఎక్కి చూద్దామని బయల్దేరాడు. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఈ సైకిళ్ళలో చాలావాటికి ఊగే చోట ఉక్కు స్ప్రింగు బదులు గాలి ఉంటుంది. ఎక్కే మనిషి బరువును బట్టి చిన్న పంపుతో ఆ గాలి కొట్టాలి. తక్కువైతే మనిషి కింద బండి కూలబడుతుంది. ఎక్కువైతే బిగుసుకుపోయి మనిషిని ఎగరేస్తుంది. అందుకని విశాఖపట్నం దుకాణంలో అతన్ని మొట్టమొదట అడిగిన ప్రశ్న, "మీ బరువెంతండీ?"

"ఎనభై," అన్నాడు నీలాచలం, తడుముకోకుండా.

ఎనభై అనేది అతని పెళ్ళినాటి బరువు. ఇప్పటిది తొంభై ఆరు. అయినా అది అబద్ధమని అతనికి తోచలేదు. అతని దుకాణంలో లావైనవాళ్ళంటూ ఎవరూ ఉండరు. నలభై నాలుగు నడుమున్న పెద్దమనిషి వస్తే, "మీకు నలభై చాలండి, ఈ కంపెనీవాడు కాస్త బిగువుగా కుడతాడు గానీ" అంటూ నలభై నాలుగే కట్టి ఇవ్వడం అక్కడి మర్యాద. ఊరందరినీ ఇన్నేళ్ళుగా అలా సన్నబరుస్తూ వచ్చినవాడు తన ఒక్కడికి మాత్రం ఆ మర్యాద ఎందుకు తక్కువ చేస్తాడు? పైగా బరువు ఎందుకు అడిగారో అతను పట్టించుకోలేదు. ఫోను నంబరు, పుట్టిన తేదీ అడిగే వరసలో ఇదీ ఒకటనుకున్నాడు.

మొదటి బండి మీద దిగుతుంటే ప్రతి రాయికీ కింద దబ్బుమని ఏదో తగిలింది. లోపల ఏదో విరిగిందని చెప్పి వెనక్కిచ్చేశాడు. వేరే దుకాణంలోనూ ఎనభై అనే చెప్పి రెండోది ఎక్కితే పెడళ్ళు రాళ్ళకి కొట్టుకున్నాయి. అది పొట్టివాళ్ళ కోసం చేసిన బండి అని తేల్చాడు. మూడోచోటా అదే అంకె చెప్పి, ఆ బండిని పులిమెట్ట మీదికే తెచ్చుకున్నాడు. అది ఒక గోతిలో కూలబడి, తను అక్కడే ఉండి, అతన్ని మాత్రం ముందుకి విసిరింది. మోకాలిచిప్ప దోక్కుపోయింది. మూడూ వేరువేరు కంపెనీలవి. మూడింటినీ లోకమంతా పొగుడుతోంది. తన కిందికొచ్చేసరికే అవి ఎందుకలా అయిపోతున్నాయి? ఆడలేక మద్దెల ఓడన్నట్టు తనకి చేతకాక బళ్ళని తిడుతున్నాడా? లేక వయసైపోయిందా? ఎటు ఆలోచించినా తలా తోకా దొరకలేదు. మోకాలికి మందు రాస్తూ అరుంధతి, "ఇంక చాలండి. అందరిలాగే కోట చుట్టూ నడవండి" అంది. ఇంకొక్క బండి చూస్తాననీ, అదీ ఇలాగే ఉంటే కొండ మానేస్తాననీ ఆమెకి మాటిచ్చాడు. ఇచ్చాక పెరట్లోకి వెళ్ళి చాలాసేపు ఒక్కడే కూర్చున్నాడు. చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చింది.

ఆ ఇంకొక్క బండి కస్తూరిది. కస్తూరి ఆస్పత్రిలో నర్సు, మేష్టారి దగ్గర చాలాకాలంగా నేర్చుకుంటున్న మనిషి. ఇంచుమించు నీలాచలమంత పొడవు. "నాది ఎక్కి చూడండి, నచ్చితే అలాంటిదే కొనుక్కోండి" అని తనే తెచ్చింది. మేష్టారు పంపు తీసుకుని సైకిలు పక్కన గొంతుక్కూర్చున్నారు.

"బరువెంతండీ?"

"ఎనభై."

కస్తూరి చటుక్కున కొండ కేసి తిరిగింది. మేష్టారు బిగించబోతున్న గొట్టం వదిలేసి లేచారు.

"ముందు నేనోసారి దిగి చూస్తాను," అని పంపు నీలాచలం చేతికిచ్చారు. "నాకు కొట్టండి. ఏ బరువుకి ఎంతో అక్కడ రాసే ఉంటాది."

"మీ బరువెంతండీ మేష్టారూ?"

"తొంభై అయిదు."

నీలాచలం తలెత్తి చూశాడు. బట్టల వ్యాపారి కంటికి మనిషి కొలత దొరక్కపోవడమంటూ ఉండదు. మేష్టారి చొక్కా ముప్ఫై ఆరు, అదీ వదులే. తడిబట్టలతో తూచినా ఆ మనిషి అరవై దాటడు. వేళాకోళమా అనుకుంటే ఆయన ముఖంలో నవ్వు లేదు. కస్తూరి కేసి చూస్తే ఆమె గ్లౌజులు సర్దుకుంటోంది. హెల్మెట్టూ నీళ్ళ సంచీ కలుపుకుని చెప్పారేమో అనుకున్నాడు. కలిపినా అంత కాదు. గురువు అన్నాక ఆయన లెక్క ఆయనకుంటుంది, మనకి తెలియాలని ఏముంది అని కూడా అనుకున్నాడు. "అది కాదేమోనండీ" అనే మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. సైకిలుకి అతికించిన పట్టీలో తొంభై అయిదు ఎదుట ఉన్న అంకె చూసి, ఆ ప్రకారం ముందూ వెనకా గాలి కొట్టాడు. ఆ పట్టీలో ఎనభై కూడా ఉంది, దాని ఎదుట తక్కువ అంకే ఉంది. అది కంటికి కనిపించింది గానీ, మేష్టారికి ఇవాళ ఏమైందన్న గాభరాలో బుర్రదాకా పోలేదు.

మేష్టారు హెల్మెట్టు బిగించుకుని బయల్దేరారు. మొదటి రాయి దగ్గరే సైకిలు ఆయన్ని పైకి లేపింది. ఆ తరవాత చేటలో బియ్యంలా ఎగురుతూనే ఉన్నారు. ఎంత చెయ్యి తిరిగినవాడైనా చక్రం నేల మీద ఆనకపోతే ఏం చేస్తాడు? మలుపు దగ్గర వెనక చక్రం పక్కకి జారింది. సైకిలు ఒకవైపు పోయింది, మేష్టారు ఇంకోవైపు పరికి కంపలో పడ్డారు.

నీలాచలం మోకాలి నొప్పి మరిచిపోయి పరిగెత్తాడు. వెళ్ళేసరికి మేష్టారు లేచి కూర్చుని ముళ్ళు తీసుకుంటున్నారు. మోచేతి మీంచి రక్తం కారుతోంది.

"అయ్యో మేష్టారూ! తొంభై అయిదేటండీ మీరు! అరవై ఉంటే ఎక్కువ!" అన్నాడు నీలాచలం. తన చేత్తో కొట్టిన గాలికి పెద్దాయన పడ్డాడన్న భయం, అలా చెప్పినందుకు ఆయన మీద కోపం, రెండూ కలిసి వచ్చాయి.

"ఆ సంగతి మీకు ముందే తెలుసేటి?"

"తెలుసండి. చూస్తే తెలీదా?"

"తెలిసీ అంత గాలి ఎందుకు కొట్టారు?"

"మీరు చెప్పారు కదండీ. మీ మాట కాదంటానా?"

మేష్టారు ఇంకో ముల్లు తీసి పారేశారు. "బండీ అంతేనండి. దానికి చూడ్డానికి కళ్ళయినా లేవు, పాపం. మనం ఏం చెబితే అది నమ్ముతాది."

నీలాచలానికి వెంటనే అర్థం కాలేదు. సైకిలు ఎత్తి నిలబెట్టాడు, హ్యాండిలుకి చిక్కుకున్న ఆకులు తీశాడు, మేష్టారిని ముందు నడవమని వెనకాల పైకి తోసుకొచ్చాడు. దబ్బుమన్న చప్పుడు, రాళ్ళకి కొట్టుకున్న పెడళ్ళు, గోతిలో కూలబడ్డ బండి ఒక్కొక్కటే గుర్తొస్తూ ఉంటే అతని నడక నెమ్మదించింది. సగం దారిలో ఆగిపోయాడు. మూడుచోట్లా తను చెప్పిన అంకె ఒక్కటే, ఎనభై. ఈ మాట నోటితో చెబితే పోయేదానికి ఈ వయసులో కంపలో పడాలా ఈయన అనుకున్నాడు. నోటితో చెబితే తను ఏమనేవాడో కూడా అతనికి తెలుసు. ఎనభైయేనండి, మీకెందుకు అనుమానం అని నవ్వేసి ఉండేవాడు. ఆ తరవాత అవమానం పట్టలేక కొండకి రావడం మానేసేవాడు.

పైన కస్తూరి నిలబడి ఉంది. మిగతావాళ్ళు కూడా పోగయ్యారు. ఇంతమందిలో ఆ అంకె చెప్పడమంటే అతనికి చొక్కా విప్పి నిలబడ్డట్టే ఉంది. కోట చుట్టూ నడక అంతకంటే సుఖమనిపించింది ఒక్క క్షణం. తరవాత కొండ దిగువకి చూశాడు.

"తొంభై ఆరు," అన్నాడు. తగ్గించడం అలవాటైన నోరు కాబట్టి కాబోలు, ఆ మాట కావలసినదానికన్నా గట్టిగా వచ్చింది.

ఎవరూ నవ్వలేదు. కస్తూరి, "పట్టీలో ఆఖరి వరస చూడండి," అని పంపు అందించింది.

కస్తూరి బండికి తన అసలు బరువు ప్రకారం తనే గాలి కొట్టుకున్నాడు. కూర్చుంటే అది అతని కింద కాస్త దిగి ఆగింది, కూలబడలేదు. బయల్దేరాడు. మొదటి రాయి వచ్చింది, పోయింది. దబ్బుమన్న చప్పుడు ఎక్కడ వస్తుందోనని చెవులు రిక్కించుకునే దిగాడు గానీ అది రానేలేదు. తనని విసిరేసిన గోతిలోకి బండి దిగింది, లేచింది, అతన్ని అవతలికి చేర్చింది. కింద చదును మీద ఆగాక గాని తనకి నడుమొకటుందని గుర్తురాలేదు. హెల్మెట్టు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. కొండ మానక్కర్లేదన్న సంతోషం గుండె నిండా పట్టింది.

అది కాసేపే. పైకి తోసుకొస్తుంటే మళ్ళీ పాత తిరగలి మొదలైంది. మొదటి బండిలో ఏమీ విరగలేదన్నమాట. రెండోది పొట్టివాళ్ళది కాదు. మూడోది తనని పడెయ్యలేదు. ఇన్నాళ్ళూ పోగుచేసుకున్న అభిప్రాయాల్లో ఒక్కటీ పనికి రాదు. ఏ బండి ఎలాంటిదో అతనికి ఇప్పుడు బొత్తిగా తెలియదు. కథ మళ్ళీ మొదటికొచ్చింది.

"మేష్టారూ," అన్నాడు రొప్పుతూ, "ఆ మూడు బళ్ళనీ ఊరంతా తిట్టుకొచ్చానండి. ఇప్పుడు చూస్తే మంచిదేదో చెడ్డదేదో ఒక్కటీ తెలీటం లేదు. మునుపటికంటే ఎక్కువ అయోమయంగా ఉంది. పోనీ మీరే చెప్పండి, ఏది కొనమంటారు?"

కస్తూరి మేష్టారి మోచేతికి కట్టు కడుతోంది. ఆయన చెయ్యి కదపకుండా తల మాత్రం ఇటు తిప్పారు.

"ఆ ఎనభై కిలోల పెద్దమనిషికి ఏది బావుంటాదో నాకెలా తెలుస్తాదండీ? ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు," అన్నారు. "కొనేది మీకే అయితే, రండి, ఇలా కూర్చోండి."