పుల్లమ్మ ఏడు గదులు

అడవి అంచున, వేరుశనగ చేల గట్టు కింద పుల్లమ్మ అనే ముసలి పందికొక్కు ఉండేది. ఆమె బొరియలో ఏడు గదులు, ఏడింటి నిండా కాయలే. ఆ ఏడాది వానలు పట్టేసరికి పుల్లమ్మకు ఒళ్ళు తూలసాగింది. తను పోయాక ఇవి పిల్లలకు దక్కుతాయా అని దిగులు పట్టుకుంది.

దిగులున్న ఇల్లు నక్కకు వాసనతోనే తెలుస్తుంది. వచ్చి గుమ్మంలో చతికిలబడింది.

"పుల్లమ్మత్తా, నువ్వు కన్ను మూస్తే నీ సొత్తులో సగం రాజుగారి పన్నుకింద పోతుంది, తెలుసా?"

"సగమా!"

"ఆ మరి! అంతా నా గుహలో దాచెయ్. కుందేలు దాచింది, ఉడుత దాచింది. నీ పిల్లలు పెద్దయ్యాక గింజ తగ్గకుండా ఇచ్చేస్తా."

నక్క వినయం చూసి పుల్లమ్మకు అనుమానం వచ్చింది. "రేపు చెబుతాలే అల్లుడూ" అని సాగనంపి, పడుతూ లేస్తూ పన్ను చూసే తాబేలు దగ్గరికి వెళ్ళింది.

తాబేలు ఫక్కున నవ్వింది. "సగమని ఎవడు కూశాడమ్మా? ఐదు గదుల దాకా గింజ ముట్టం. ఆ పైనున్న దాంట్లోనే నాలుగో వంతు. నీకు పైనున్నవి రెండు. అంటే పోయేది ఒక్క గదిలో సగం. ఆరున్నర నీ పిల్లలవే."

"మరి కుందేలుకు?"

"దానికున్నదే ఒక గది. పన్నే లేదు."

"ఆ సగం మాత్రం ఎందుకు తాతా? రాజుగారి బొజ్జలోకేగా?"

తాబేలు ఆమెను వెంటబెట్టుకుని బయల్దేరింది. కొండ వెనక, పన్ను గింజలు దాచే గుహకు తీసుకెళ్ళింది.

లోపల అడుగు పెట్టిన పుల్లమ్మ తలెత్తి చుట్టూ చూసింది. నేల నుంచి కప్పు దాకా కాయలు, గింజలు, ఎండు పళ్ళు. చూపు ఆనినంత మేరా రాశులే. తన ఊపిరి తనకే మారుమోగి వినిపించింది.

"ఇదంతా ఎవరిది?"

"కన్ను మూసినవాళ్ళు పన్నుకింద వదిలింది. పెద్ద కరువులో మీ అమ్మ నిన్ను కరుచుకుని ఇక్కడికే వచ్చేది. రోజూ దోసెడు గింజలు పట్టుకెళ్ళేది. అవి నువ్వెన్నడూ చూడని ఏ అడవి పందులో వదిలినవి."

 పుల్లమ్మ వంగి, ఆ నేలకు నుదురు ఆనించింది.

మర్నాడు పొద్దున్నే పుల్లమ్మ కుందేలునీ, ఉడుతనీ, అడవికి కాపలా కాసే ఏనుగునీ వెంటబెట్టుకుని నక్క గుహ ముందు నిలబడింది.

"అల్లుడూ, లోపలున్న సొత్తు ఎవరిదో ఏనుగు మామకు చెప్పు."

"అది... నాదే అనుకో."

"నీదైతే ఎక్కడ సంపాదించావో చూపించు" అంది ఏనుగు.

నక్క తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసింది. "నాది కాదులే, వాళ్ళదే. ఊరికే దాచి పెట్టా."

"అయితే పట్టుకుపోతాం!" అంది కుందేలు. మధ్యాహ్నానికల్లా గుహ ఖాళీ. నక్క వాకిట్లో రాలిన పొట్టు నాకుతూ కూర్చుంది.

దారిలో ఉడుత అడిగింది: "అత్తా, మరి నీ సగం గది?"

"ఇవ్వాళే వేరు చేసి పెడతానే. మంచి కాయలే ఏరి పెడతాను."

పన్ను తీసుకునేది కొంతే. పన్ను పేరు చెప్పి భయపెట్టేవాడు అంతా తీసుకుంటాడు.