రాజుగారు పడేసిన బంతి

అనగనగా అంటే అనగనగా, మబ్బులు కోటగోడలకు భుజాలు రాసుకుంటూ పోయే కాలంలో, నాగలదుర్గం అనే రాజ్యాన్ని ఉదయమల్లుడు ఏలేవాడు. ఆయనకు బంతులాట అంటే పంచప్రాణాలు. గాలిలో ఒకదాని వెంట ఒకటి తిరిగే బంతులను చూస్తూ అన్నం కూడా మరిచిపోయేవాడు. అయితే బంతి కింద పడిందా, అది తన కొలువుకే అవమానమనుకుని, పడేసినవాణ్ణి చెరలో వేయించేవాడు.

ఆ రాజ్యంలోనే ఉండే సిరియమ్మ వాళ్ళన్న బొల్లయ్య అలాగే చెరపాలయ్యాడు. దసరా కొలువులో చెమట పట్టిన వేళ్ళలోంచి ఒక్క బంతి జారింది. పాపం, ఒక్కటే.

వాళ్ళది తరతరాలుగా బంతులాడే ఇల్లు. గుడ్డబంతుల్లో చింతగింజలు నింపి ఎగరేసేవారు. పడిన బంతిని వాళ్ళు తిట్టరు. కళ్ళకద్దుకొని మళ్ళీ ఎగరేస్తారు.

కొన్నేళ్ళకు రాజుకు జబ్బు చేసి రెండు కళ్ళూ పోయాయి. "నాకు బంతులాట మళ్ళీ చూపించినవారు ఏం కోరితే అది ఇస్తాను. బంతి పడితే మాత్రం చెర తప్పదు" అని చాటింపు వేయించాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. నిజమో కాదో మనమే చూద్దాం.

మొదట ఒకడొచ్చి కత్తులు ఎగరేశాడు. సభంతా ఊపిరి బిగబట్టింది. "మీరంతా నోళ్ళు తెరిచారని తెలిసింది. నాకేం కనిపించింది?" అన్నాడు రాజు.

ఇంకొకడు మండే కాగడాలు ఎగరేశాడు. "వేడి తగిలింది. పొయ్యి దగ్గర కూర్చున్నా తగులుతుంది" అన్నాడు రాజు.

మూడోది సిరియమ్మ. తానూ చెరలో పడితే ఇంట్లో ముసలితల్లికి దిక్కులేదు. అయినా సింహాసనం దాకా వెళ్ళింది.

"ప్రభువులు లేచి నా పక్కన నిలబడాలి. కుడిచేయి మీది, ఎడమచేయి నాది. ఇద్దరం కలిసి మూడు బంతులు ఆడదాం. నా బంతి మీ అరచేతిలోకే దిగుతుంది. అది దిగేలోపు మీ చేతిలోది నా వైపు ఎగరేయండి" అంది.

మంత్రి వద్దంటున్నా రాజు లేచాడు. కానీ చేతికందిన బంతిని గట్టిగా పట్టుకున్నాడు. చీకట్లో దొరికినదాన్ని వదలడం ఎవరికి మాత్రం సులువు? వచ్చే బంతి ఆయన పిడికిలికి తగిలి కింద పడింది. రెండోసారి విసురుగా వదిలితే మంత్రిగారి తలపాగా ఎగిరిపోయింది. నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. మూడోసారి బంతి వేళ్ళకు తగిలి మెట్ల మీదుగా దొర్లిపోయింది.

రాజు ముఖం పాలిపోయింది. "పడేసింది నేనే. మీ ఇంట్లో బంతి పడేసినవాణ్ణి ఏం చేస్తారు?" అని అడిగాడు.

"ఏమీ చేయం ప్రభూ. బంతిని కళ్ళకద్దుకొని మళ్ళీ ఎగరేస్తాం."

"ఎన్నిసార్లు పడినా?"

"పడినన్నిసార్లూ."

రాజు మోకాళ్ళ మీద కూర్చుని మెట్లు తడిమాడు. సాయానికి వచ్చిన భటులను ఆగమన్నాడు. దొరికిన బంతిని చూపులేని కళ్ళకద్దుకుని, తిరిగి వచ్చి నిలబడ్డాడు.

ఈసారి ఆట సాగింది. చింతగింజలు గలగలమంటూ చేతులు మారాయి. రాజు వంకరగా విసిరినవాటిని కూడా సిరియమ్మ అందుకుని, తిన్నగా ఆయన అరచేతిలో దించింది.

"ఒకటి నా చేతిలో ఉంది. ఒకటి నీ దగ్గరుంది" అంటూ రాజు ముఖం పైకెత్తాడు. "ఇంకొకటి అదిగో, పైనుంది. చూస్తున్నాను."

కళ్ళున్నవాళ్ళంతా ఆయన చూసినవైపే చూశారు. మూడో బంతి సరిగ్గా అక్కడే ఉంది. సభకు ఒళ్ళు గగుర్పొడిచింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ బంతులాడిన సిరియమ్మ కూడా అలాంటి వింత చూడలేదు. కళ్ళు చెమర్చినా చేయి మాత్రం ఆపలేదు.

ఆట ముగిశాక రాజు, "ఏం కావాలో కోరుకో తల్లీ" అన్నాడు.

"మా అన్న బొల్లయ్య మీ చెరలో ఉన్నాడు ప్రభూ."

"ఎన్ని పడేశాడు?"

"ఒకటి."

రాజు భటులవైపు తిరిగాడు. "మూడు పడేసినవాడు సింహాసనం మీద, ఒకటి పడేసినవాడు చెరలోనా? బంతి పడేశారని బంధించిన వాళ్ళందరినీ వదిలేయండి" అన్నాడు.

బొల్లయ్య వచ్చి ఎండకు కళ్ళు చిట్లించుకుంటూ నిలబడ్డాడు. రాజు తడుముకుంటూ వెళ్ళి అతని చేతిలో బంతి పెట్టి, "ఎగరెయ్యి నాయనా. పడితే పడనీ" అన్నాడు.

జారిపడటం నేరం కాదు పిల్లలూ, పడినదాన్ని మళ్ళీ ఎగరేయనివ్వకపోవడమే నేరం.