ఆశీర్వాదం పేరు వినపడని ఆదివారం

సర్దుకుని పడుకోండి. రూబేనూ, ఆ కాలు చెల్లి మీదనుంచి తియ్యి. జెస్సీ, నువ్వు ఊ కొట్టాలి. నీ ఊ ఆగితే నా కథా ఆగిపోద్ది, ముందే చెబుతున్నా.

అనగనగనగా గోదారి నడిమధ్యన ఒక లంక. గువ్వలలంక దాని పేరు. ఆ లంకలో రాజూ లేడు, రాణీ లేదు. ఉన్నదల్లా తాటాకు కప్పిన ఓ ప్రార్థన మందిరం, ఓ రేవు, రేవులో ఓ పడవ. పడవ నడిపేవాడు ఆశీర్వాదం. పురుళ్ళు పోసేది సలోమమ్మ. అప్పట్లో లంకల్లో ఆసుపత్రులెక్కడివి? ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా పుట్టిన ప్రతి బిడ్డా మొదట చూసింది సలోమమ్మ మొహమే. మహా గయ్యాళిలే. ఏడవని బిడ్డ కూడా ఆవిడ గొంతు విని ఏడ్చేదంట.

ఈ ఆశీర్వాదం పెళ్ళాం సుగుణకి నొప్పులొచ్చాయి. రెండు రోజులు కష్టపడింది. ఇంట్లో సలోమమ్మ, మందిరంలో ఊరంతా మోకాళ్ళ మీద. ఆడపిల్ల దక్కింది, తల్లి దక్కలేదు.

ఏంటి జెస్సీ? దేవుడెందుకు వినలేదంటావా? నాకు తెలీదమ్మా. సలోమమ్మకీ తెలీదు. తెలిసినట్టు చెప్పేవాళ్ళ మాట నేను నమ్మను. కథ విను.

ఆ రోజునుంచి ఆశీర్వాదం మందిరం గుమ్మం తొక్కలేదు. ఎవరితోనూ మాట లేదు, పలుకు లేదు. పసిపిల్లని ఎత్తుకోనైనా ఎత్తుకోలేదు. సుగుణ తల్లి ఆ పిల్లని అవతలి ఒడ్డుకి తీసుకుపోయి కృపావతి అని పేరు పెట్టి పెంచుకుంది. రోజుకి పదిసార్లు ఆ ఒడ్డుకి పడవ వేస్తాడు గదా, ఒక్కసారైనా దిగి కూతుర్ని చూడలేదు. అంత బండబారిపోయాడు.

సలోమమ్మకి అన్నం సయించలేదు. తల్లినెలాగూ దక్కించలేకపోయాను, తండ్రినన్నా దక్కిస్తానని పట్టు పట్టింది. ఆదివారం మందిరంలో ఒక్కొక్కరే లేచి ప్రార్థన మనవులు చెప్పుకుంటారు చూడండి, గేదె ఈనాలని ఒకరు, మొగుడు తాగుడు మానాలని ఒకరు. సలోమమ్మ లేచి కొంగు తలమీద వేసుకుని, "ప్రభువా, రేవులో ఆశీర్వాదం మనసు మెత్తబడాల, కూతుర్ని ఇంటికి తెచ్చుకోవాల" అనేది. మైకులెందుకు, ఆ గొంతు గోడలు దాటిపోయేది. అందరూ ఆమేన్ అనేవారు.

ఈ ఆదివారం అదే మాట. పై ఆదివారం అదే మాట. వరదొచ్చి మోకాలి లోతు నీళ్ళలో నిలబడీ అదే మాట. క్రిస్మస్‌నాడు కొత్తచీర కట్టుకునీ అదే మాట. పిల్లకాయలైతే ఆవిడ కంటే ముందే "మనసు మెత్తబడాల" అని గొణిగి నవ్వుకునేవారు.

ఊ కొడుతున్నారా? ఆ, కొట్టండి.

సలోమమ్మ అవతలికి పురుళ్ళకి వెళ్ళినప్పుడల్లా కృపావతిని చూసొచ్చి పడవెక్కేది. పిల్లకి పన్నొచ్చిందిరా అంది. తెడ్డు వేశాడు. పిల్ల నడుస్తోందిరా అంది. తెడ్డు వేశాడు. పిల్ల అచ్చం నీలాగే ముక్కు ఎగబీలుస్తోందిరా అంది. తెడ్డు వేశాడు. పిల్లని బళ్ళో వేశార్రా అంది. తెడ్డు వేశాడే గానీ తల తిప్పలేదు.

ఏడో ఏట ఆవిడకీ విసుగొచ్చింది. మనిషే గదా. ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చుని, ప్రభువా, వింటన్నావా, నిద్దరోతన్నావా అని గట్టిగానే అడిగేసింది. జవాబేమీ రాలేదు. గంజి పొంగింది, అంతే. ఆ గంజి తుడుచుకుని, ఆదివారం మళ్ళీ లేచి నిలబడింది.

పాస్టరయ్యగారికి మొహమాటంగా ఉండేది. ఓ రోజు పక్కకి పిలిచి, ఏడేళ్ళయింది గదమ్మా, ప్రభువు వినే ఉంటాడు, ఇంక ఆ మనవి ఆపితే ఏమని మెల్లగా అన్నారు. అప్పుడు సలోమమ్మ ఏమందో తెలుసా?

"కాన్పు ఆలస్యం అవుతోందని మంత్రసాని మధ్యలో లేచి ఇంటికి పోద్దా అయ్యగారూ?"

అయ్యగారు ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు.

అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. తొమ్మిదో ఏట వానాకాలంలో సలోమమ్మకి జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరం కాదు, లేస్తే పడిపోయే జ్వరం. ఆ ఆదివారం మందిరానికి రాలేదు. మనవులు మొదలయ్యాయి. గేదె అయింది, తాగుడు అయింది, అన్నీ అయ్యాయి. ఆశీర్వాదం పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎందుకెత్తుతారు? అది సలోమమ్మ వంతు గదా అని ఎవరికి వారే ఊరుకున్నారు. తొమ్మిదేళ్ళు ఆమేన్ అన్న నోళ్ళే అన్నీ.

అయ్యగారు దీవెన ఇవ్వబోతుంటే గుమ్మంలో నీడ పడింది. తలలన్నీ తిరిగాయి. మోకాళ్ళ దాకా తడిసి, చేతిలో తెడ్డుతో నిలబడ్డాడు ఆశీర్వాదం. తొమ్మిదేళ్ళు మూసుకుపోయిన గొంతేమో, బొంగురుగా వచ్చింది.

"మామ్మ రాలేదాండీ? ఇయ్యాల నా పేరు వినపడలేదు."

అయ్యగారే తేరుకుని, మామ్మకి జ్వరమని, లేవలేకుండా ఉందని చెప్పారు. మరి ఇంకెవరూ చెప్పలేదేమండీ అన్నాడు. పాపం, కోపంగా అనలేదు, ఉత్తినే అడిగాడు. జనం తలలొంచుకున్నారు. సిగ్గుపడ్డారు, పడాల్సిందే.

అప్పుడతను తెడ్డు బయటపెట్టి లోపలికొచ్చి, చాప చివర నిలబడి, "ప్రభువా, సలోమమ్మ మామ్మకి జ్వరం తగ్గాల" అన్నాడు. ఇంకేమనాలో తెలీక అక్కడే ఏడ్చేశాడు. ఆ రోజు ఆమేన్ అవతలి ఒడ్డుకి వినపడిందంట.

అట్నుంచి అటే మామ్మ ఇంటికెళ్ళాడు. మంచం పక్కన కూర్చుని, "ప్రతి ఆదివారం మందిరం వెనకే పడవ కట్టుకుని కూచుంటన్నా మామ్మా. నువ్వు చెప్పాక గానీ విప్పేవాణ్ణి కాదు. నన్ను తల్చుకునేదానివి నువ్వొక్కదానివే" అన్నాడు.

ముసలామె సంతోషపడిందనుకున్నారా? జ్వరంలోనే లేచి కూర్చుని ఒక్కటిచ్చుకుంది. తొమ్మిదేళ్ళు విన్నావు, ఒక్క ఊ కొడితే నీ సొమ్మేం పోయిందిరా అని తిట్టి, తిట్టి, అతని తల ఒళ్ళో పెట్టుకుంది.

మర్నాడు అవతలి ఒడ్డున దిగాడు. కృపావతి ఈ మనిషినెప్పుడు చూసింది గనక? అమ్మమ్మ వెనక దాక్కుంది. రెండోనాడు వెళ్ళాడు, తలుపు చాటునుంచి చూసింది. మూడోనాడు వెళ్ళాడు, గడప దాకా వచ్చింది. పొమ్మన్నా పోకుండా రోజూ వెళ్ళాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నేను చెప్పక్కర్లేదు. నెల తిరిగేసరికి ఆ పిల్ల తనంతట తనే పడవెక్కి కూర్చుంది. వెంట అమ్మమ్మనీ ఎక్కించుకుంది, వదిలేస్తుందా మరి?

సలోమమ్మకి జ్వరం తగ్గింది. ఆదివారం లేచి నిలబడి స్తోత్రం చెప్పింది. హమ్మయ్య, ఈ మనవి అయిపోయిందని అయ్యగారు పుస్తకం తెరవబోతే, ఆవిడ కూర్చోలేదు. పదిహేనేళ్ళుగా అన్నతో మాటల్లేని యోనా పేరెత్తి, "మనసు మెత్తబడాల" అని కొత్తగా మొదలెట్టింది. ఈసారి మాత్రం ఆ పేరెత్తడం మందిరంలో అందరూ నేర్చుకున్నారు.

అంతేనర్రా. మనం ఎవరికోసం ప్రార్థన చేస్తామో వాళ్ళు గోడవతల కూర్చుని వింటున్నారేమో, మనకేం తెలుసు? ఒక్కోసారి ఎప్పటికీ తెలీదు. అయినా పేరెత్తడం మానకూడదు.

కథేమో కంచి దారి పట్టింది, మనమేమో దుప్పట్లోకి దూరదాం. జెస్సీ, నీకు కటీఫ్ చెప్పిన ఆ పిల్ల పేరేంటన్నావు? మెల్లగా చెప్పు, నేనూ ఆమేన్ అంటా.