పిల్లగాలికి మెలిక పడిన బజారు

ఒకప్పుడు గాలికి వెనక్కి తిరగడం తెలీదు. సముద్రం మీద బయలుదేరిందంటే ముక్కుసూటిగా పోవడమే. ఆగడం లేదు, పక్కకి ఒరగడం లేదు. అలా పోయి పోయి భూమంతా చుట్టి, మర్నాటికి మళ్ళీ సముద్రం దగ్గరికే చేరేది.

రోజూ ఒకే దారిన పోవడంతో రేవులవలస దగ్గర తుప్పలన్నీ రెండు పక్కలకీ ఒరిగిపోయాయి. మధ్యలో నున్నటి బాట పడింది. "ఎవరో మనకోసమే వేసినట్టుందే!" అనుకుని బళ్ళవాళ్ళు ఎడ్లని ఆ బాట పట్టించారు.

ఒకనాడు ఒక బండికి ఇరుసు విరిగింది. బాగుచెయ్యడానికి కమ్మరి వచ్చాడు. కమ్మరికి దాహమేస్తుందని ఒకావిడ మజ్జిగ కుండ తెచ్చింది. మజ్జిగ తాగడానికి ఇంకో నలుగురు ఆగారు. నలుగురు ఆగిన చోట ఏదో ఒకటి అమ్మకుండా ఎవరూరుకుంటారు? ఇరుసు బాగై బండి వెళ్ళిపోయింది గానీ, జనం మాత్రం అక్కడే ఉండిపోయారు. రేవులవలస బజారు అలా పుట్టింది.

పుట్టడం పుట్టడం ఎంత సొగసుగా పెరిగిందో! ఒక పక్క గాజుల కొట్టు, ఇంకో పక్క ఇత్తడి బిందెల కొట్టు. ఇక్కడ మల్లెపూల బుట్ట, అక్కడ దర్జీ కత్తెర కిచకిచ, నడివీధిలో మరమరాలమ్మే నూకాలమ్మ చేట. జీళ్ళ కొట్టాయన బెల్లం పాకాన్ని మేకుకి తగిలించి బారెడు సాగదీస్తుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు.

గాలుల్లోకెల్లా చిన్నది పిల్లగాలి. దానికి ఆ బజారంటే ప్రాణం. కానీ చూద్దామంటే ఒక్క పరుగులో అయిపోయేది.

"అమ్మా, కాసేపు ఆగనా?" అని అడిగేది.

"ఆగకు, తిరగకు," అనేది తల్లిగాలి. "గాలి వెనక్కి తిరిగితే నడుం మెలిక పడుతుంది. పడిన మెలిక మరి విడదు."

ఆగడం కుదరదు కాబట్టి, పిల్లగాలి పోతూ పోతూ గుర్తుగా తలా కాస్త పట్టుకుపోయేది. బుట్టలోంచి నాలుగు మల్లెలు, దర్జీ దగ్గర గుడ్డముక్కలు, నూకాలమ్మ చేటలోంచి మరమరాలు. ఎక్కువగా మరమరాలే. అవైతే తేలిగ్గా ఎగురుతాయి మరి! ఊరు దాటాక చేతులు నొప్పెట్టి అన్నీ కొండమీద పారేసేది.

వెనక నుంచి పెద్ద పెద్ద కేకలు వినిపించేవి. "నేనంటే ఎంతిష్టమో! మళ్ళీ రమ్మంటున్నారు," అని పిల్లగాలి మురిసిపోయేది. తిరిగి చూస్తే కదా తెలిసేది!

ఒకరోజు వచ్చేసరికి బజారు మొదట్లో నడుమెత్తు రాతిగోడ ఉంది.

"ఎవరికోసం ఈ గోడ?" అని అడిగింది పిల్లగాలి.

"నీకోసమే," అంది పై వరసలో రాయి. "రేపటికి నీకన్నా ఎత్తు లేపేస్తారు. ఇక నువ్వు లోపలికి రాలేవు."

"అదేంటి? రోజూ అంత ప్రేమగా పిలుస్తారు కదా!"

"పిలవడమా? తిట్టడం!" అని రాయి కిసుక్కున నవ్వింది. "ఆ మరమరాలావిడ ఎలా ఏడుస్తుందో ఎప్పుడైనా చూశావా?"

పిల్లగాలి తత్తరపాటులో గోడ దూకింది. పరిగెత్తింది. అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? నూకాలమ్మ చేట మళ్ళీ ఖాళీ చేసేసింది! బజారు చివరికొచ్చాక గానీ ఒళ్ళో మరమరాలున్నాయని చూసుకోలేదు.

వెనక కేక వినబడింది. ఈసారి అది ఏడుపని తెలిసింది.

తల్లి మాట గుర్తొచ్చింది. మెలిక పడితే విడదు. అయినా పిల్లగాలి పళ్ళు బిగించి తల తిప్పింది. భుజం తిరిగింది. నడుం తిరిగింది. ఒకసారి తిరగడం మొదలయ్యాక ఆగడం ఎలాగో తెలీక గిరగిరా తిరుగుతూనే వెనక్కి వచ్చింది.

తను దాటిపోయాక బజారు ఎలా ఉంటుందో అప్పుడే చూసింది. గాజుల కొట్టాయన కళ్ళు నులుముకుంటున్నాడు. పూలావిడ మల్లెలు దులుపుకుంటోంది. నడివీధిలో నూకాలమ్మ గొంతుక్కూర్చుని, ధూళిలోంచి ఒక్కో మరమరం ఏరుకుంటోంది. పిల్లగాలికి సిగ్గేసింది. ఏడుపొచ్చింది.

ఒళ్ళో ఉన్నవన్నీ ఆమె ముందు కుమ్మరించింది. మరమరాలతో పాటు దుమ్మూ, ఎండుటాకులూ, దర్జీ గుడ్డముక్కలూ, ఎవరిదో తలపాగా కూడా!

"ఓలమ్మో! ఎలిపోయిన మరమరాలు తిరిగొచ్చీసినాయే!" అని నూకాలమ్మ నోటిమీద చెయ్యేసుకుంది. "తెచ్చినావు గానీ, ఇందులో సగం దుమ్మేనే గాలి పిల్లా!"

బజారంతా గొల్లున నవ్వింది. బెల్లం వర్తకుడు పైడిశెట్టి మాత్రం నవ్వలేదు. ఆ గోడ ఎత్తించేది ఆయనే.

"నూకాలూ, నీకోసమే కదా గోడ కట్టిస్తన్నాను. ఆపమంటావేటి?"

"ఆపండి బాబూ. దీనికి ఎనక్కి సూడ్డం రాక అట్టుకెళ్ళింది. సూసింది, తెచ్చి ఇచ్చీసింది. ఇంకేటి కావాల? పసిదాన్ని గుమ్మంలోకి రావద్దంటామా?"

పైడిశెట్టి గొణుక్కుంటూ వెళ్ళి గోడ పని ఆపించి, పై వరస రాళ్ళు కూడా తీయించేశాడు.

పిల్లగాలి నడుం మెలిక మాత్రం విడలేదు. తల్లిగాలి నెత్తీ నోరూ కొట్టుకుంది. "పోనీలే అమ్మా," అంది పిల్లగాలి తిరుగుతూనే. "సూటిగా పోతే ఆ మరమరాలావిడ నాకు కనబడదు కదా!"

అప్పటినుంచే, ఎండ మండే వేళ బజారు వీధుల్లో సుడిగాలి లేస్తోంది. కాగితాలూ ఆకులూ ఎత్తుకుని గిరగిరా తిరుగుతుంది, మళ్ళీ అక్కడే పడేస్తుంది. ఎవరివి ఎవరికివ్వాలో సరిగా తెలీదు పాపం. కానీ తను దాటొచ్చిన చోట ఎవరైనా కూర్చుని ఏరుకుంటున్నారేమోనని, అడుగడుక్కీ వెనక్కి తిరిగి చూస్తూనే ఉంటుంది.